స్కైద్రీతె నోటుపుస్తకం

మార్చి నెల. రీగాలో మంచు కరిగి
బూట్ల కింద బురదై మూలుగుతోంది.
పదకొండో నంబరు ట్రాము దిగి
పైన్ చెట్ల నీడల్లోంచి మంత్రిగారింటికి నడిచాను.
ఫిర్యాదు ఒక్కటే వాక్యం:
నన్నెవరో చూస్తున్నారు.

రవాణా మంత్రి స్ట్రౌట్‌కాల్న్స్ తలుపు తానే తీశాడు.
కర్టెన్లన్నీ మూసి, దీపాలన్నీ వేసి
మిట్టమధ్యాహ్నాన్ని రాత్రి చేసుకుని కూర్చున్నాడు.
బూడిదరంగు వ్యాను, అన్నాడు.
ఫోన్లో తను దగ్గితే
అవతల ఇంకెవరో దగ్గు ఆపుకున్నారన్నాడు.
రాసుకున్నాను: వ్యాను. దగ్గు.

తర్వాత నా వంతు.
రాత్రిళ్లు ఎవరొస్తారు? అప్పులెంత?
నిద్రమాత్రలు ఎప్పట్నుంచి?
మీ ఆవిడ లియెపాయాలో ఎందుకుంటోంది?
ఫోనివ్వండి. రెండో ఫోను కూడా.
రెండోది ఉందని మీకెలా తెలుసు?
తెలీదు, మామూలుగా ఉంటుంది గదా అన్నాను.
సంతకం పెట్టాడు,
చాటుగా ఎవరో చేదేసుకుంటున్నారని
బావినే నా పేర రాసిచ్చినట్టు.

ఎదురింటి మూడో అంతస్తులో స్కైద్రీతె.
వంటింటి కిటికీ, జెరేనియం కుండీ,
గళ్ల కాగితాల నోటుపుస్తకం.
పందొమ్మిది రోజులు, వ్యాను నంబరు,
వచ్చిన వేళ, పోయిన వేళ,
లోపల సిగరెట్ ఎన్నిసార్లు వెలిగిందో కూడా.
ఇదంతా ఎందుకు రాస్తున్నారు?
ముసలామె రొట్టెకు వెన్న రాయడం ఆపలేదు.
"మా నాన్నను ఎక్కించుకుపోయిన లారీ నంబరు
నేను చూసుకోలేదు. పదకొండేళ్లదాన్ని.
అదీ మార్చే.
అప్పట్నుంచీ రాస్తున్నాను.
అడిగినదానివి నువ్వే."

ఆఫీసులో ఆ నంబరు కొట్టాను.
వివరాలు లేవు అనలేదు కంప్యూటరు,
మీకు అనుమతి లేదు అంది.
ఆ రెంటికీ నడుమ ఒక గుమ్మముంది.
గుమ్మం వెనక
ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు.

పై అధికారి గున్వాల్డిస్ లేచి కిటికీ మూశాడు.
"ఆ బండి మనది కాదు."
"ఏ బండండీ?" అన్నాను.
చాలాసేపు టీలో చక్కెర కలిపాడు.
చక్కెర వేసుకోలేదు.

కంచె చేను మేసిందని తేల్చాలంటే
కాగితం మీద ముందు కంచె సంతకం కావాలి.
ఫైలు పై అంతస్తుకెళ్లింది,
అక్కణ్ణుంచి వంతెన అవతలి భవనానికి,
అక్కణ్ణుంచి తలుపులు మూసిన సంఘానికి.
విలేకరులు అడిగినప్పుడల్లా
మా ప్రకటన రెండే మాటలు:
పోలీసులు చూస్తున్నారు.
ఆ మాటకు నవ్వింది నేనొక్కదాన్నే.

మే నెలలో మంత్రి రాజీనామా చేశాడు.
వ్యాను వల్ల కాదు.
రెండో ఫోనులోని ఒక ఫోటో పత్రికకెక్కింది,
రోడ్డు టెండరు మనిషితో పడవలో, చొక్కాల్లేకుండా.
ఆ ఫోటో వ్యానులో కూర్చున్నవాళ్లకు దొరకలేదు.
మా బీరువాలోంచి పోయింది.
తాళాలు ముగ్గురి దగ్గరుంటాయి.
ఒకటి నాది.

నోటుపుస్తకం తిరిగిచ్చేందుకు వెళ్లాను.
వేలు తడి చేసుకుంటూ పేజీలన్నీ లెక్కపెట్టింది.
"ఒకటి తక్కువ" అంది.
అవును. దాన్ని ఎవరు చించారో
అడగలేదు, నేనూ చెప్పలేదు.
బల్ల మీద కొత్త పుస్తకం తెరిచి ఉంది.
మొదటి పేజీ, మొదటి పంక్తి:
మార్చి పద్నాలుగు, నాలుగూ పది. పోలీసు ఆడమనిషి.
ఒక్కతే. ఎడమ బూటు తాడు ఊడింది.
పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి చూసింది.

చూశానా?
గుర్తు లేదు.
చెప్పడానికేం లేక మెట్ల దగ్గర వంగి
బాగానే ఉన్న తాడు మళ్లీ కట్టుకున్నాను.
తల ఎత్తేసరికి
ఆమె గోడ గడియారం చూసి
కలం మూత తీస్తోంది.